కడుపు నిండినవాళ్లు

కార్తీక సోమవారం. వీధిలో పెద్దవాళ్లందరికీ చుక్క కనబడేదాకా ఉపవాసమే. అయినా మధ్యాహ్నం రెండింటికి ప్రతి ఇంట్లోనూ గ్రైండరు జోరుగా తిరుగుతోంది.

ల్యాబు నుంచి వస్తున్న మందాకిని ఆ చప్పుడు వినగానే అడుగుల వేగం పెంచింది. ఒంట్లోని చక్కెర నుంచి కరెంటు తీసే పట్టీ ఆమె పరిశోధనే. ఇప్పుడు పసిపిల్లలతో సహా ఊరంతా దాన్ని జబ్బకు కట్టుకుంటోంది; ఇళ్లకు కరెంటంతా ఆ పట్టీల నుంచే. ఒంట్లో సత్తువ తగ్గినవాళ్లను వదిలేసి, దగ్గర్లో కడుపు నిండినవాళ్ల నుంచి తీసుకోమని ఆమే జాలిపడి నియమం రాసింది. వీధి వీధంతా ఒకేరోజు ఉపవాసముంటుందన్న ఊహ ల్యాబులో ఎవరికీ తట్టలేదు.

"అత్తయ్యా, చిన్మయి ఏదీ?"

"ఇవాళ అంగన్‌వాడీకి పంపలేదుగా. పెరుగన్నం తిని పడుకుంది. ఎంత లేపినా లేవట్లేదు, పోనీలే అని ఊరుకున్నా," అంది అత్తగారు మినప్పప్పు రుబ్బుతూ.

మందాకిని గదిలోకి పరుగెత్తింది. నాలుగేళ్ల పిల్ల ఒళ్లు మంచులా చల్లబడి ఉంది. జబ్బకున్న పట్టీని పీకేసింది. వీధిలో గ్రైండర్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. వేలితో తేనె తీసి చిగుళ్లకు రాసింది. కాసేపటికి పిల్ల కళ్లు తెరిచి, "అమ్మా, చలి," అంది.

మందాకిని ఊపిరి పీల్చుకుంది. అంతలో వంటింట్లో గ్రైండరు మళ్లీ కదిలింది.

"వచ్చిందమ్మాయ్ కరెంటు," అంది అత్తగారు స్థిమితంగా.

మందాకిని వీధిలోకి పరుగెత్తింది. ఈపాటికి వీధి చివర అంగన్‌వాడీలో పిల్లలకు అన్నాలు పెట్టి పడుకోబెట్టి ఉంటారు.