అరవై పళ్ళ ప్రశ్న

అవినాష్ టై ముడి సర్దుకుంటూ గుమ్మంలో కాలు పెట్టాడో లేదో, లావుపాటి పెద్దమనిషి ఒకాయన పరుగున వచ్చి చెయ్యి పట్టేసుకున్నాడు.

"ఇదాండీ రావడం? పొద్దున్నించీ మీకోసం కళ్ళు కాయలు కాచిపోయాయండీ బాబూ! రండి, రండి, పని మొదలెట్టండి!"

పదిన్నరకి రమ్మన్నారు. ఇంకా పదీ ఇరవయ్యే అయింది. అయినా అవినాష్ వాదన పెట్టుకోలేదు. ఇంటర్వ్యూకి వచ్చి, ఉద్యోగం ఇచ్చేవాడితో ఎవడైనా పేచీ పడతాడా? పైగా ఈ తొంభై తొమ్మిదిలో అతనికిది ఏడో ఇంటర్వ్యూ. ఇదీ తప్పితే తిన్నగా బస్సెక్కి తెనాలి వచ్చి, బాబాయి ఎరువుల కొట్లో కూర్చోమని నాన్న తీర్పు చెప్పేశాడు.

హైటెక్ సిటీ వెనక సందులో ఉన్న ఆ కొత్త బిల్డింగులో కింది అంతస్తు ఇంకా పూర్తి కాలేదు. ఎటు చూసినా రంపప్పొట్టే. ఆ పెద్దమనిషి పేరు బుల్లిబాబు. ఆఫీసుకి బల్లలూ తలుపులూ చేయిస్తున్న కాంట్రాక్టరు. ఆ సంగతి అవినాష్‌కి తెలీదు. వచ్చినవాడు రంపం కంపెనీ మెకానిక్కు కాడని బుల్లిబాబుకీ తెలీదు.

నడిమధ్య ఓ పెద్ద బల్ల ఉంది. దాని మీదుగా ఒక ఇనప కమ్మీ, ఆ కమ్మీకి వేలాడుతూ మోటారు రంపం. పిడి పట్టుకుని మనవైపు లాక్కుంటే చెక్కని కోసుకుంటూ వచ్చేస్తుంది. పక్కనే వడ్రంగి పెంటయ్య మొహం వేలాడేసుకుని నిలబడ్డాడు.

"మూడు బ్లేడ్లున్నాయండీ," అన్నాడు బుల్లిబాబు. "ఎండీ గారి టేబులుకని తెచ్చిన టేకు షీట్లలో రెండు తగలడిపోయాయి. మిగిలింది ఇదొక్కటే. ఏ బ్లేడు వెయ్యాలో మీరే చెప్పాలి."

అవినాష్ లోలోపల నవ్వుకున్నాడు. రూమ్మేటు లోహిత్ ముందే చెప్పాడు. "అవి తిక్క కంపెనీలురా. సబ్జెక్టు అడగవు. రోడ్డు మీద మ్యాన్‌హోల్ మూత గుండ్రంగా ఎందుకుందీ అంటూ బుర్ర పరీక్ష చేస్తాయి" అని. పరీక్ష కోసం ఏకంగా నిజం రంపమే తెచ్చి పెట్టారంటే, అబ్బో, కంపెనీ గట్టిదే!

"డేటా కావాలి," అన్నాడు గంభీరంగా.

"డేటా గీటా మాకెరుక లేదు సారూ," అన్నాడు పెంటయ్య. "ఇరవై నాలుగు పండ్లది ఏస్తే అంచంత పెచ్చులు లేస్తున్నది. ఎనభై పండ్లది ఏస్తే మిషను నా మీదికే ఉరికొస్తున్నది. జరంత ఉంటే ఏలు పోతుండె."

"మరి మూడోది?"

"అరవై పండ్లది. గీ పండ్లు చూడున్రి, ఎనక్కి ఒరిగినయ్. ఖరాబ్ మాల్ అని పక్కకు పెట్టిన."

అవినాష్ గొంతుక్కూర్చుని మూడింటినీ తిరగేసి చూశాడు. చూపుడువేలు పైకెత్తాడు.

"ఇరవై నాలుగే పళ్ళయితే ఒక్కో పన్నూ పెద్ద ముద్ద కొరకాలి. అందుకే పెచ్చులు. కొట్టెయ్యండి! ఎనభైవి చిన్న ముద్దలు కొరుకుతాయి, మంచిదే. కానీ ముందుకి వాలి ఉన్నాయి. రంపాన్ని మనం మనవైపే లాగుతాం, ఆ పళ్ళూ చెక్కని పట్టుకుని మనవైపే ఎగబాకుతాయి. ఇక మీద పడక చస్తుందా? కొట్టెయ్యండి! వెనక్కి వాలిన పళ్ళకి ఆ దూకుడుండదు. ఆన్సర్, ఆప్షన్ సి!"

"అంటే ఏదండీ?"

"అరవై, సార్."

పెంటయ్య మిగిలిన షీటు మీద చెయ్యి వేశాడు. "ఇదొక్కటే షీటున్నది సారూ. ఖరాబైతే నా నౌకరి పోతది."

"నాదీ అంతే పెంటయ్యా! లాగు!"

పెంటయ్య మిషనుకి దండం పెట్టుకున్నాడు. బ్లేడు బిగించి, స్విచ్చి వేసి, ఊపిరి బిగబట్టి పిడి లాగాడు. సర్రుమంది. పెచ్చు లేవలేదు, మిషను ఉరకలేదు. అంచు మీద వేలు రాసి, "అద్దం లెక్కున్నది సారూ!" అని అరిచాడు.

బుల్లిబాబు ఆనందం పట్టలేక అవినాష్‌ని గట్టిగా వాటేసుకున్నాడు. "మీరు మెకానిక్కు కాదండీ, దేవుడు! మీ మేనేజరు పేరు చెప్పండి, మెచ్చుకుంటూ ఉత్తరం రాసేస్తాను."

"మేనేజరు మీరే కదా సార్! అయితే నేను సెలెక్టయినట్టేనా?"

"దేనికండీ?"

"ప్రోగ్రామర్ ఉద్యోగానికి, సార్."

బుల్లిబాబు చేతులు వదిలేశాడు. "ఓర్నాయనో! ఆ ఇంటర్వ్యూ పై అంతస్తులోనండీ!"

గడియారం పదకొండు చూపిస్తోంది. అవినాష్ ఒక్క అంగలో మెట్ల దగ్గరికి ఉరికాడు. సరిగ్గా అప్పుడే ఒకాయన పైనించి దిగి వస్తున్నాడు. భుజాన పనిముట్ల సంచీ, జేబులో స్క్రూడ్రైవరు, చేతిలో ఒక కవరు.

"బుల్లిబాబు గారంటే మీరేనాండీ? నా పేరు నారాయణప్ప, రంపం కంపెనీ మెకానిక్కుని. దారి తెలీక పైకెళ్ళాను. వాళ్ళు నన్ను ఏసీ గదిలో కూర్చోబెట్టి, అవినాష్ నువ్వేనా అన్నారు. కాదు, నారాయణప్పనన్నాను. ఎవరైతేనేం, ఎన్నేళ్ళ అనుభవం అన్నారు. పదేళ్ళన్నాను. రెండువేల సంవత్సరం రాగానే మిషన్లన్నీ ఆగిపోతాయట, అప్పుడేం చేస్తావన్నారు. ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టి చూస్తానన్నాను. చప్పట్లు కొట్టి, ఉన్న ఒక్క ఉద్యోగమూ నాకిచ్చేశారండీ!"

అవినాష్ మెట్ల మీదే కూలబడ్డాడు. నారాయణప్ప అతని టై వంక ఓసారి చూసి, దగ్గరికొచ్చి, గొంతు తగ్గించాడు.

"బాబూ, చదువుకున్నవారిలా ఉన్నారు. సోమవారం చేరమన్నారు. ఈలోగా ఆ కంప్యూటరు ఎక్కడ నొక్కితే వెలుగుతుందో కాస్త చూపిస్తారా?"