గట్టిగా పట్టుకోకుండా

"మీరు చెప్పినట్టే చేసినం సార్. ఇంకా ఖరాబయ్యింది."

అమల బల్ల ముందు నిలబడి రెండు చేతులూ చాపింది. మోచేతుల దాకా గోళ్ల గీతలు. కొన్ని ఎండిపోయాయి. ఒకటి ఇంకా ఎర్రగానే ఉంది.

డాక్టర్ వెంకట్రావు విసుగ్గా కళ్లజోడు తీశాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్ డిపో వెనక సందులో ఆయన జంతువుల క్లినిక్. మధ్యాహ్నమే ఓ తెల్లపిల్లి ఆయన బొటనవేలు కొరికింది. కట్టు కింద వేలు ఇంకా సలుపుతోంది. ఇలాంటి రోజున పిల్లిని వెంట తీసుకురాకుండా ఒట్టి సలహా కోసం వచ్చేవాళ్లని చూస్తే ఆయనకు ఒళ్లుమంట.

పోయిన వారం కూడా ఈమె ఒట్టి చేతులతోనే వచ్చింది. అప్పుడాయన ఎవరిదో పిల్లికి గోళ్లు తీస్తున్నాడు. ఆమె గాజు తలుపు అవతల నిలబడి అంతా అయ్యేదాకా చూసింది. తర్వాత లోపలికి వచ్చి, "మా చిన్ని గోర్లు తియ్యనిస్తలేదు సార్, ఎట్ల?" అని అడిగింది. ఆయన తల ఎత్తకుండానే, "దుప్పటి చుట్టి ఒకరు గట్టిగా పట్టుకోండి, ఇంకొకరు కత్తిరించేయండి" అని పంపేశాడు.

"ఏమైంది?" అన్నాడు ఇప్పుడు.

"మా ఆయన దుప్పటి చుట్టి పట్టుకున్నడు. నేను కట్టర్ పట్టిన. ఒక్క గోరు తీసిన్నో లేదో, తన్నుకోని, కొరికి, మంచం కిందికి దూరింది. పొద్దుమూకేదాక బయటికి రాలే. అన్నం పెడితె ముట్టలే. ఇప్పుడు నేను దగ్గరికి పోతెనే దూరం ఉరుకుతది."

"కొరికిందా? ఇంజెక్షన్ వేయించుకున్నారా?"

"దానికెందుకు సార్ ఇంజెక్షన్? అది ఇల్లే దాటదు. బయట హారన్ ఇంటె సాలు, ఒగటే ఒర్లుడు."

వెంకట్రావు నుదురు కొట్టుకున్నాడు. ఎంతమందికని చెప్పాలి?

"ఒక పని చేయండి. రేపు ఇక్కడికి తీసుకురండి. మత్తిచ్చి నేనే తీసేస్తాను."

"మత్తు వద్దు సార్!" గట్టిగా అంది అమల. "ఒకసారి దవాఖానల నలుగురు ఒత్తిపట్టుకున్నరు. అప్పటిసందే ఎవ్వర్ని ముట్టుకోనిస్తలేదు."

"అయితే నన్నేం చేయమంటారమ్మా?" ఆయన గొంతు లేచింది. "చూపించరు. మత్తు వద్దంటారు. ఇంట్లో చేయలేనంటారు. నేను మంత్రం వేయాలా?"

అమల గొంతు కూడా లేచింది.

"మరి నేనేం చెయ్యాలె సార్? ఆ గోర్లతోని మొఖమంత గీక్కుంటది. రక్తం కారుతది. అందరు మొండిది అంటరు. మా అత్త యాడనన్న ఇడ్సిపెట్టి రమ్మంటది. మా ఆయన వద్దని కూడ అంటలేడు. నేనొక్కదాన్ని ఎంతమందితోని కొట్లాడాలె?"

ఆ మాటతో ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడవడం ఇష్టం లేనట్టు మొహం పక్కకు తిప్పుకుంది.

వెంకట్రావు చల్లబడ్డాడు. ఇడ్సిపెట్టి రావడమంటే ఏమిటో ఆయనకు తెలుసు. కూరగాయల మార్కెట్ గోడ పక్కన అలా వదిలేసినవి ఎన్నో చూశాడు. క్లినిక్‌లో ఉన్న నల్లపిల్లి కూడా అక్కడ దొరికిందే.

ఆయన దాన్ని ఎత్తి బల్ల మీద కూర్చోబెట్టాడు.

"ఇటు చూడండమ్మా. పోయినసారి నేను తొందరలో తప్పు చెప్పాను. అది మొండితనం కాదు, భయం. గట్టిగా పట్టుకుంటే ఇక తప్పించుకునే దారి లేదనుకుంటుంది. అప్పుడు కొరక్క ఏం చేస్తుంది?"

అమల దగ్గరికి జరిగింది.

"ముందు కట్టర్ ఊరికే దాని పక్కన పడేయండి. అదే వచ్చి చూసుకోనివ్వండి. భయం పోయాక ఇలా ముట్టుకోండి." పిల్లి పాదం మీద వేలు ఆనించి వెంటనే తీసేశాడు. "అది లాక్కోకముందే మీరే వదిలేయాలి. మీరు వదిలేస్తారని దానికి నమ్మకం కుదరాలి. అది కుదిరాక ఒక్క గోరు తీయండి. ఇష్టమైనది పెట్టండి. ఇక ఆ రోజుకి అంతే. రెండోదానికి ఆశపడొద్దు."

"ఎన్ని దినాలు పడ్తది?"

"అది ఒప్పుకున్నప్పుడే."

"ఇంట్ల తొందరపెడ్తరు సార్."

"వాళ్లని బయటికి పంపండి."

అమల తనే వేలు చాపి, నల్లపిల్లి పాదాన్ని ముట్టుకుని, వదిలింది. ముట్టుకుని, వదిలింది. చాలాసేపు అలాగే చేసి, చెప్పకుండానే వెళ్లిపోయింది.

ఆమె మళ్లీ వచ్చేసరికి వానాకాలం అయిపోయింది. ఈలోపు వెంకట్రావు ఎన్నోసార్లు అనుకున్నాడు, ఏమైందో, వదిలేశారేమోనని. ఒక సాయంత్రం తలుపు తోసుకుని లోపలికి వస్తున్న ఆమెను చూడగానే ఆయన చూపు ముందు చేతుల మీదికే పోయింది. కొత్త గీతలు లేవు.

"అయినయ్ సార్, అన్ని అయినయ్! నిన్న నా ఒళ్లె కూసోని తీయించుకుంది. మా ఆయన దూరంకెళ్లి సూసి ఏడ్సిండు."

"మీ అత్తగారో?"

"ఇగ ఇడ్సిపెట్టుమంటలేదు." నవ్వింది అమల. "మీకు సూపిద్దామని తోల్కొచ్చిన."

"ఇన్నాళ్లకా! ఏదీ, బుట్ట ఎక్కడ పెట్టారు?" అంటూ ఆయన బల్ల మీదుగా వంగి చూశాడు.

ఏడేళ్లు నిండినా ఇంకా మాటలు రాని ఆమె కూతురు, అమ్మ వెనకనుంచి మెల్లగా ముందుకు వచ్చి, నీటుగా కత్తిరించిన గోళ్లున్న రెండు చేతులూ బల్ల మీద పరిచింది.