థాంక్యూ, అయిదు

మంగళవారం మధ్యాహ్నం రిహార్సల్లో, రెండో అంకంలో, బల్ల మీద ఫోన్ మోగింది. ఎవరెట్ లింద్‌క్విస్ట్ ఎత్తలేదు. మళ్ళీ మోగింది. ఆయన కిటికీ దగ్గరే నిలబడి ఉన్నాడు.

"ఆపండి," అన్నాడు దర్శకుడు నార్మన్ ఫైగ్.

ఎవరెట్ అందరి మొహాలూ చూశాడు. "క్లోడీన్, కప్పు కింద పెట్టలేదేం?"

నాటకంలో ఆయన కూతురి పాత్ర క్లోడీన్‌ది. "ఇవాళ చేతిలోనే ఉంచుకుంటే బాగుంటుందనిపించింది," అంది.

"నువ్వు కప్పు పెట్టు, నేను ఫోన్ ఎత్తుతాను. అలాగే కదా అనుకున్నాం. ఇంకోటి, నాతో మాట్లాడేటప్పుడు అటు తిరక్కు."

"మహారాజుగారికి వీపు చూపించకూడదు కాబోలు," అంది క్లోడీన్ అటు తిరిగి. ఎవరెట్ పట్టించుకోలేదు.

ఆయనకి డెబ్భై రెండేళ్ళు. బ్రాడ్వే నాటకాల్లో మొదలై, సినిమాల్లోకి వెళ్ళి, ఇరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ స్టేజీ ఎక్కుతున్నాడు. పోయినేడు ఓ సినిమాలోంచి మధ్యలో తీసేశారు. మాటలు మర్చిపోతున్నాడని పుకారు.

స్టేజీ ఏర్పాట్లు చూసే రోజ్ ప్యాక్టర్ ఫిర్యాదు వేరు. రిహార్సల్‌కైనా ఆటకైనా ముందు ఆమె మేకప్ గదుల బయట నిలబడి "అయిదు నిమిషాలు!" అని కేకేస్తే, లోపల్నించి ప్రతి నటుడూ "థాంక్యూ, అయిదు!" అనాలి. నిన్న చేరినవాడైనా అంటాడు. ఎవరెట్ అనడు. ఆమె తలుపు తీసి అయిదు వేళ్ళూ చూపించాలి. అప్పుడు నవ్వి, "థాంక్యూ, అయిదు," అంటాడు.

"సినిమా పొగరు," అంది రోజ్.

"పొగరైతే భరిస్తాను. మతిమరుపైతే?" అన్నాడు నార్మన్.

వెళ్ళి ఎవరెట్ ఎదురుగా నిలబడి చెప్పాడు. "శనివారం విమర్శకులు వస్తున్నారు. ఫోన్ దగ్గర మళ్ళీ తడబడితే, వచ్చే వారం నుంచి మీ బదులు, ఈ పాత్ర నేర్చుకుని సిద్ధంగా ఉన్న ప్రెంటిస్ వేస్తాడు."

"ఇది పోతే నాకింకో పాత్ర రాదు, నార్మన్," అన్నాడు ఎవరెట్. "కప్పు మాత్రం కింద పెట్టించు."

శనివారం మధ్యాహ్నం ఆటకి హాలు నిండింది. ఓడతో సహా గల్లంతైన కొడుకు కబురు కోసం ఎదురుచూసే తండ్రి కథ అది. రెండో అంకంలో ఫోన్ వస్తుంది, రాంగ్ నంబరు.

క్లోడీన్ కప్పు కింద పెట్టింది. తెర పక్కన రోజ్ ఫోన్ బెల్లు మీట నొక్కింది. మోగలేదు. మళ్ళీ నొక్కింది. తీగ ఎక్కడో తెగింది.

ఎవరెట్ ఉలిక్కిపడ్డాడు. పరుగున వచ్చి ఫోన్ ఎత్తాడు.

"హలో! ... కాదండీ. ఇది బేకరీ కాదు."

మెల్లిగా పెట్టేశాడు. క్లోడీన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అది నాటకంలో లేదు. హాల్లో ఎవరూ దగ్గలేదు.

ఆట అయ్యాక ఓ విమర్శకుడు నార్మన్‌ని గుమ్మం దగ్గర పట్టుకున్నాడు. "మోగని ఫోన్ ఎత్తించావు చూడు! ఆ తండ్రికి మతి పోతోందని ఒక్క మాట లేకుండా చెప్పేశావయ్యా."

నార్మన్ వెళ్ళి ఎవరెట్ గది తలుపు కొట్టాడు. పలుకు లేదు. తోసుకుని లోపలికి వెళ్ళాడు. మొహం రంగు తుడుచుకుంటున్న ఎవరెట్, అద్దంలో అతన్ని చూసి ఇటు తిరిగాడు.

"పాత్ర మీదే," అన్నాడు నార్మన్. "ఆ తీగ ఇక బాగుచేయించను. బెల్లు మోగకపోయినా ఫోన్ ఎత్తాలని మీకెలా తట్టింది?"

ఎవరెట్ అతని పెదవుల మీంచి చూపు తిప్పలేదు.

"మోగలేదా?"