పన్ను మీద పన్ను

మిక్సీ పక్కన పళ్ల పొయ్యి లేని వంటిల్లు ఇప్పుడు పాలకొల్లులో లేదు. పింగాణీ బిళ్ల వేసి మీట నొక్కితే, అది కరిగి అచ్చులోకి దిగి, కూర ఉడికేలోగా పన్ను తొడుగు తయారవుతుంది. అందుకే ఒక్క వీర్రాజుది తప్ప ఊరందరిదీ ఒకటే పలువరుస.

మేనకోడలి పెళ్లిరోజు పొద్దున్నే వీర్రాజు కొబ్బరిపీచు పళ్లతో లాగి, పన్ను మీద ఎక్కి ఉండే తన వంకర పన్ను విరగ్గొట్టుకున్నాడు.

"ఇప్పుడైనా అందరిలాగే తిన్నగా చెయ్యవే," అన్నాడు భార్య భ్రమరాంబతో.

ఆ వంకర నవ్వు చూసే ఆమె అతన్ని చేసుకుంది. అతని పాత ఫొటో పొయ్యికి చూపించి మీట నొక్కింది. తొడుగు తనే బిగించి, ముహూర్తం దాటిపోతుందంటూ అద్దం చూడనివ్వకుండా లాక్కుపోయింది.

పందిట్లో వీర్రాజు కనిపించినవాళ్లందరికీ పళ్లన్నీ కనబడేలా నవ్వాడు.

"ఎంత బాగుందో మావయ్యా! నాకూ అలాంటి వంకర పన్ను కావాలి," అంది పెళ్లికూతురు.

వీర్రాజు సెల్‌ఫోన్లో మొహం చూసుకుని, భార్య వైపు గుర్రుగా చూశాడు.

"నాకు నచ్చిందే పెట్టానండి," అంది ఆమె.

మర్నాడు విందులో భ్రమరాంబ బూరెలు వడ్డిస్తోంది. బంతిలో ఆ నవ్వు కనిపించగానే ముచ్చటపడి, ఆ విస్తట్లో రెండు ఎక్కువే వేసింది. తలెత్తి చూస్తే ఆయన పెళ్లికొడుకు పెదనాన్న. బంతి మొత్తం పన్ను మీద పన్నుతో నవ్వుతోంది.

"ఏమేవ్, నేనిక్కడున్నాను," అని బంతి చివరి నుంచి ఉడుక్కుంటూ అరిచి, వీర్రాజు నోరు గట్టిగా మూసుకున్నాడు.