చెవికి నప్పేది

"అత్తయ్యా, ఇది ఆరోది! ఇంక చాలు, ఏదో ఒకటి తీసుకుని ఇంటికి పోదాం" అంది కోడలు, చెవుల్లోంచి ఇయర్‌బడ్స్ లాగి కౌంటరు మీద పెడుతూ.

"ఏదో ఒకటి తీసుకోవడానికి ఇదేమన్నా చీపురుకట్టా?" అంది అత్తగారు. ఎనిమిది నెలల మనవరాలు ఆవిడ భుజం మీద సగం నిద్రలో ఉంది. "పరిగెత్తేటప్పుడు పెట్టుకునేది. సరిగ్గా కుదరాలి."

సేల్స్‌మన్ నీరసంగా నవ్వాడు. షాపు తెరిచినప్పటినుంచీ అతనికి వీళ్ళతోనే సరిపోయింది.

"పెట్టుకునేది మీరే కదమ్మా? ఒకసారి మీరే పెట్టుకుని చూస్తే..."

"పాపని నువ్వెత్తుకుంటావా?"

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఇరవయ్యేడేళ్ళు బస్సు కండక్టరుగా పనిచేసిన గొంతు అది. నిండు బస్సులో కూడా ఆ గొంతు లేస్తే నలుగురికి చోటు పుట్టేది. అరవయ్యో ఏట ఆవిడకి పరుగు మీద మనసెందుకు మళ్ళిందో కోడలికి అంతుపట్టలేదు. పొద్దున్నే "హెడ్‌ఫోన్స్ కొనాలి, పరుగుకి. వాటి సంగతి నాకేం తెలుసు, నువ్వూ రా" అని బయల్దేరదీసింది. పాప పుట్టాక కోడలు గుమ్మం దాటిందే తక్కువ. ఈ మధ్యయితే తల దువ్వుకోమని కూడా ఎవరో ఒకరు గుర్తుచేయాల్సి వస్తోంది.

సేల్స్‌మన్ ఈసారి చెవుల్ని పూర్తిగా కప్పేసే పెద్ద హెడ్‌ఫోన్స్ తీశాడు. "ఇవి చూడండి మేడమ్. బయటి చప్పుడు ఒక్కటి కూడా లోపలికి రాదు."

"అయితే వద్దు" అంది కోడలు వెంటనే. "రోడ్డు మీద వెనకనుంచి లారీ హారన్ కొడితే ఎలా తెలుస్తుంది? పైగా ఈ మెత్తలు పది నిమిషాలకే చెమటకి తడిసి ముద్దవుతాయి."

"మరి మెడ చుట్టూ వేసుకునేవి?"

"అడుగడుక్కీ మెడకి కొట్టుకుంటూ ఉంటాయండీ. ఊపిరి లెక్క తప్పుతుంది."

"ఇందాకటివి బాగానే ఉన్నాయిగా?" అంది అత్తగారు. "చెవిలో గట్టిగా కూర్చున్నాయి."

"ఊరికే నిలబడితే కూర్చుంటాయి అత్తయ్యా. పరిగెత్తేటప్పుడు దవడ కదులుతుంది, చెమట పడుతుంది. రెండో మలుపుకే జారిపోతాయి. పోనీ అని లోపలికి నొక్కితే చెవి నొప్పి." మాట్లాడుతూనే ఆమె కౌంటరు మీదికి వంగి అరల్లోకి చూసింది. "అదిగో, ఆ చివర వంపుగా ఉంది చూశారా? అది ఇవ్వండి."

అది చెవిలోకి వెళ్ళేది కాదు. తల వెనకనుంచి చుట్టి వచ్చి, చెవుల ముందు ఎముక మీద ఆనుకుంటుంది. పాట ఆ ఎముకలోంచే వినిపిస్తుంది, చెవి తెరిచే ఉంటుంది.

"నిలబడితే ఏం తెలియదన్నావుగా? పరిగెత్తి చూడు" అంది అత్తగారు.

"ఇక్కడా?"

"షాపు ఖాళీగానే ఉంది. జరగవయ్యా, దారివ్వు!"

సేల్స్‌మన్ జరిగాడు. కోడలు సిగ్గుపడుతూనే జుట్టు ముడేసుకుంది. చెప్పులు విడిచింది. ఫ్రిజ్‌ల దగ్గర్నుంచి వాషింగ్ మెషీన్ల దాకా మెల్లగా పరిగెత్తి వచ్చింది. ఇంకోసారి, కాస్త జోరుగా. మూడోసారి మోచేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకుని, మలుపులో ఒక పక్కకి వాలి దూసుకొచ్చింది.

"టీవీలు, మేడమ్, టీవీలు!" అని అరిచాడు సేల్స్‌మన్.

ఆమె ఆగి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి వగర్చింది. వగరుస్తూనే పకపకా నవ్వింది. ఆ నవ్వు పాపకి కొత్తేమో, తలెత్తి రెప్ప వేయకుండా చూసింది.

"కదల్లేదు అత్తయ్యా! ఒక్క పిసరు కూడా కదల్లేదు. మీ మాట కూడా వినిపిస్తూనే ఉంది."

"నా మాట వినపడకపోవడం ఇంతవరకూ ఎక్కడా జరగలేదు."

"మీరు పందేల్లో పరిగెత్తేవారా మేడమ్?" అని అడిగాడు సేల్స్‌మన్.

ఆమె మొహంలో నవ్వు తగ్గింది. "ఒకప్పుడు" అంది, చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ. "అదంతా అయిపోయిందిలెండి." తర్వాత అత్తగారి వైపు తిరిగింది. "మీరు మాత్రం మొదలెట్టగానే పరిగెత్తకండి. ఒక వారం నడవండి చాలు. ఎలాగో నేను చెప్తాగా."

అత్తగారు ఊఁ అని, "ఇదే ఇచ్చేయవయ్యా" అంది.

బిల్లు కట్టడం అయింది. సేల్స్‌మన్ హెడ్‌ఫోన్స్‌ని పెట్టెలో సర్దబోయి ఆగాడు.

"అమ్మా, పాపని ఒక్క నిమిషం మేడమ్‌కి ఇవ్వండి. మీ తలకి సరిపోతుందో లేదో చూద్దాం. తర్వాత వదులైందంటే మా వల్ల కాదు."

"నా తలతో పనేముంది నాయనా?" అంది అత్తగారు, మనవరాల్ని రెండో భుజానికి మార్చుకుంటూ. "రేపు పొద్దున ఆరింటికల్లా మా కోడలు గ్రౌండులో ఉంటుందని, నిన్ననే వెళ్ళి వాళ్ళ పాత కోచ్‌కి మాటిచ్చి వచ్చాను."