కోచ్ వెనక అమ్మ

బంతి కోసం ఎగిరిన గోల్‌కీపర్ అమ్మాయి తల గోల్ స్తంభానికి కొట్టుకుంది. కోచ్ ఆమెను పక్కకు తీసుకొచ్చి కూర్చోబెట్టాడు.

"మనమెన్ని గోల్స్ వేశాం, తల్లీ?"

అమ్మాయి తెల్లమొహం వేసింది. కోచ్ వెనక నిలబడ్డ అమ్మ గబుక్కున రెండు వేళ్లు చూపించింది. ఎక్కాలు అప్పజెప్పే వయసు నుంచీ ఇలా జవాబు అందించడం ఇద్దరికీ అలవాటే. పైగా సెలక్టర్లు వచ్చిన రోజాయె.

"రెండు, సార్."

"శభాష్! గుండ్రాయిలా ఉన్నావ్. పద!"

కాసేపటికే ఎదుటి జట్టు పిల్ల మోచేయి మళ్లీ తలకే తగిలింది. ఈసారి అమ్మాయి లేవలేదు.

సాయంత్రం ఆసుపత్రిలో కళ్లు తెరిచింది. డాక్టర్ అమ్మను చూపించి, "ఈవిడెవరు, బంగారం?" అని అడిగాడు.

"చెప్పు తల్లీ..." అమ్మ మంచం మీదికి వంగింది.

అమ్మాయి ఆమె ముఖంలోకి కొత్తగా చూసింది. తర్వాత, ఆశగా, ఆమె వేళ్ల వైపు చూసింది.