ఆకుల అడ్డు

అనంతగిరిలో మేం చాయ్ తాగి వచ్చేసరికి, పికిలిపిట్ట గూట్లోని రెండు పిల్లలనూ కాకి ఎత్తుకుపోయింది. గూటికి అడ్డంగా ఉన్న ఆకులన్నీ పొద్దునే మా తమ్ముడు నవీన్ కత్తిరించేశాడు, కెమెరాకు స్పష్టంగా కనపడాలని.

నేను నవీన్ చేతిలోని కత్తెర లాక్కున్నాను.

"ఛీ! ఆదివారం సరదాకు గింత పాపమా?"

"గరం గాకు అక్కా. మీ హాల్ల గోడకున్న పిట్టగూడు ఫోటోల ఒక్క ఆకన్న అడ్డమున్నదా?"

"నేను కొయ్యలే. నా జుట్టు రబ్బరుతోని కొమ్మను పక్కకు కట్టిన, గంతే."

"ఫోటో తీసినంక విప్పినవా మరి?"

విప్పే ఉంటానని అనుకున్నాను. తాండూరు వచ్చేదాకా కారులో గుర్తుచేసుకుంటూనే ఉన్నాను.

ఆ ఫోటో తీసిన రోజు నేను ఇంటికి జుట్టు విరబోసుకునే వచ్చాను.